ఇంటిపేరు చెప్పేది ఊరు, నెత్తురు కాదు

అల్ నహ్దా సగం దుబాయ్‌ది, సగం షార్జాది. జీతం దుబాయ్‌లో, అద్దె షార్జాలో అన్న లెక్క కుదిరి ఇక్కడి అపార్టుమెంట్లలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు బోలెడు. వీళ్ళలో ఎవరింట్లో బిడ్డ పుట్టినా కొన్నాళ్ళకు టైపింగ్ సెంటరు మెట్లెక్కక తప్పదు. అక్కడ దరఖాస్తు రెండు భాషల్లో ఉంటుంది. ఎడమ నుంచి ఇంగ్లీషు, కుడి నుంచి అరబిక్ నడిచొస్తుంటే మధ్యలో తెలుగువాడి పేరు నలుగుతుంది. అరబిక్ లిపిలో ‘ప’ లేదు, ‘ట’ లేదు. అందుకని పసుపులేటి వారు ఒక్క గీతతో బసుబులీతి వారవుతారు. అది నవ్వుకుని వదిలేసే సంగతి. అసలు చిక్కు ‘సర్‌నేమ్’ అన్న గడి దగ్గర వస్తుంది. ఆ గడిలో ఏం రాయాలి? తండ్రి పేరా, ‘రెడ్డి’, ‘గౌడ్’, ‘నాయుడు’ లాంటి చివరి తోకా, లేక తాతల నాటి ఇంటిపేరా? క్యూలో వెనకవాళ్ళు తొందరపెడుతుంటే రెండు నిమిషాల్లో తేల్చేసిన మాట ఆ బిడ్డ వెంట, ఆ బిడ్డ పిల్లల వెంట జీవితాంతం నడుస్తుంది.

ఇది ఊరికే తెచ్చిపెట్టుకున్న సమస్య కాదు. 2022 నవంబరులో యూఏఈ ఒక నిబంధన పెట్టింది. పాస్‌పోర్టులో ఒకే ఒక్క మాట పేరుగా ఉన్నవారిని విజిట్, టూరిస్టు వీసాల మీద దేశంలోకి రానివ్వబోమంది. విమానయాన సంస్థలు ఆ సంగతి ట్రావెల్ ఏజెంట్లకు హడావుడిగా చేరవేశాయి. కొద్దిరోజులకు సడలింపు వచ్చింది: పాస్‌పోర్టు రెండో పేజీలో తండ్రి పేరో కుటుంబం పేరో ఉంటే చాలన్నారు. ప్రతి ఇంటికీ ఇంటిపేరున్న తెలుగువాళ్ళకు ఈ ఒంటి పేరు బెడద ఎక్కడిదని అనిపించవచ్చు. ఇంటిపేరుంది, నిజమే. కాని బడి రిజిస్టరులో అది ఒక పొడి అక్షరంగా కుదించుకుపోయింది. ఆ అక్షరం దేనికి గుర్తో పదో తరగతి సర్టిఫికెట్‌లో లేదు, దాన్ని చూసి చేసిన పాస్‌పోర్టులోనూ లేదు. ఉత్తర తెలంగాణ పల్లెల నుంచి గల్ఫ్‌కు వచ్చిన ఎంతోమంది కాగితాలు ఇలాగే ఉంటాయి. అవ్వ నోట నిత్యం ఆడిన ఇంటిపేరు కాగితం మీదికి మాత్రం ఎక్కలేదు.

ఈ గడిలో పూర్తి ఇంటిపేరే రాయాలని నా వాదన. వంశ గౌరవం కోసం కాదు. అసలు ఇంటిపేరుకూ నెత్తురుకూ ఉన్న బంధం మనం అనుకునేంత గట్టిది కాదు, ఆ సంగతి ఒప్పుకుంటేనే దాని అసలు విలువ కనబడుతుంది. దాన్ని వంశముద్రగా నెత్తిన పెట్టుకునేవాళ్ళదీ, కులముద్రగా దాచిపెట్టేవాళ్ళదీ ఒకటే పొరపాటు. ఇంటిపేరు రక్తాన్ని మోస్తుందని ఇద్దరూ నమ్ముతున్నారు. అది మోసేది చిరునామా.

నెత్తురు వాదనకు బలమైన సాక్ష్యం ఇంగ్లండులో ఉంది, కాబట్టి ముందు అక్కడికే వెళ్దాం. 1066లో నార్మన్లు వచ్చాక మెల్లగా మొదలై, 1400 నాటికి అక్కడ చాలామందికి తండ్రి నుంచి కొడుక్కు వచ్చే ఇంటిపేర్లు స్థిరపడ్డాయి. మగవాడి వై క్రోమోజోమ్ కూడా తండ్రి నుంచి కొడుక్కే వస్తుంది. రెండూ ఒకే దారిన నడుస్తాయి కాబట్టి ఒకదాన్ని చూసి రెండోదాన్ని చెప్పగలమా అన్నది ప్రశ్న. ఆక్స్‌ఫర్డ్ ఆచార్యుడు బ్రయన్ సైక్స్ 2000లో తన ఇంటిపేరు మీదే ఈ పరీక్ష పెట్టాడు. సైక్స్ అంటే ఉత్తర ఇంగ్లండు వాడుకలో చిన్న వాగు. వాగులు ఎన్నో ఉంటాయి కాబట్టి వాగు పక్కన కాపురమున్నవాళ్ళు ఎక్కడికక్కడ ఆ పేరు పెట్టుకుని ఉంటారనుకోవడం సహజం. తీరా చూస్తే, పరీక్షించిన 48 మందిలో దాదాపు సగం మందిది ఒకే వై క్రోమోజోమ్. ఆ సగానికీ ఏడెనిమిది వందల ఏళ్ళ కింద ఒకే తాత ఉన్నాడన్నమాట. ఇంత పెద్ద ఫలితం పత్రికల్లో మోగకుండా ఉంటుందా? ‘ఇంటిపేరు చెప్పు, తాతను చూపిస్తా’ అన్న ధోరణిలో వంశవృక్షాల వ్యాపారం అక్కణ్ణుంచే ఊపందుకుంది.

కాని మిగతా సగం మాటేమిటి? దానికి జవాబు 2009లో లెస్టర్ విశ్వవిద్యాలయం పరిశోధకులు టూరీ కింగ్, మార్క్ జాబ్లింగ్ ఇచ్చారు. 40 ఇంటిపేర్లు, 1,678 మంది మగవాళ్ళ నమూనాలు. అటెన్‌బరో లాంటి అరుదైన పేరున్నవారిలో అత్యధికులది ఒకే ముద్ర. స్మిత్‌లను తీసుకుంటే ఇద్దరు స్మిత్‌ల మధ్య పోలిక, రోడ్డు మీద పోయే ఏ ఇద్దరి మధ్యనైనా ఉండేదాన్ని మించి లేదు. స్మిత్ అంటే కమ్మరి. ఊరూరా కమ్మరి ఉన్నాడు, ఊరూరా కొత్త స్మిత్ పుట్టాడు. అంటే ఇంటిపేరు నెత్తురు చెప్పాలంటే ఒక షరతుంది: అది ఒక్కసారే, ఒక్కడితోనే పుట్టి ఉండాలి. అంత అరుదైన పేరుకైనా మధ్యలో దత్తతలు, మారుమనువులు, బయటికి చెప్పని సంగతులు ఉండకూడదు. రాజవంశాలకు కూడా ఆ భాగ్యం దక్కలేదు. 2012లో లెస్టర్‌లో కారు పార్కింగు కింద దొరికిన అస్థిపంజరం ఇంగ్లండు రాజు మూడో రిచర్డ్‌దని తల్లివైపు డీఎన్ఏ సరిపోవడం వల్ల రూఢి అయింది. తండ్రివైపు లెక్కలో ఆయనకు దాయాదులు కావలసిన బ్యూఫోర్ట్ ప్రభువుల వంశస్థులతో వై క్రోమోజోమ్ పోల్చితే మాత్రం కలవలేదు. పరీక్షించిన అయిదుగురు వాళ్ళలో వాళ్ళయినా పూర్తిగా కలవలేదు, ఒకరు వేరుపడ్డారు. ఖడ్గాలతో, ఫర్మానాలతో కాపాడుకున్న వంశక్రమమే అలా ఉంటే మన సంగతి చెప్పాలా?

ఇప్పుడు తెలుగు ఇంటిపేర్ల దగ్గరికి వద్దాం. వృత్తి నుంచి, బిరుదు నుంచి, చెట్టు నుంచి, ఎవరికో తగిలిన ఎగతాళి పేరు నుంచి వచ్చినవీ ఉన్నాయి; అన్నిటికంటే మందంగా కనబడేవి ఊళ్ళ పేర్లు. ఆ పేర్ల వ్యాకరణం చూడండి. ఊరు కందుకూరు, ఇంటిపేరు కందుకూరి. ఊరు కొండవీడు, ఇంటిపేరు కొండవీటి. ‘ఇల్లు’ అన్న మాట ‘ఇంటి’ అయినట్టే ఊరి పేరు చివర మారింది. బడిలో దీన్ని ఔపవిభక్తికం అని చెప్పి మార్కులు వేసి వదిలేస్తారు. దాని అర్థం మాత్రం పచ్చి తెలుగులో ఒక్కటే: ‘ఫలానా ఊరి’. కందుకూరి వీరేశలింగం అంటే కందుకూరు తాలూకు వీరేశలింగం. ఆయన పుట్టిందీ పెరిగిందీ రాజమహేంద్రవరంలో. సర్వేపల్లి రాధాకృష్ణన్ 1888లో తిరుత్తణిలో పుట్టారు. సర్వేపల్లి ఉన్నది నెల్లూరు జిల్లాలో. కాకర్ల త్యాగరాజు తిరువారూరులో పుట్టి, తిరువయ్యారులో కావేరి ఒడ్డున 1847లో కన్నుమూశారు. కాకర్ల అన్న ఊరు పాత ప్రకాశం జిల్లాలో ఉంది. తంజావూరు సీమకు వలసపోయి తరాలు గడిచి, కావేరి నీళ్ళు తాగుతూ కూడా ఆ ఇల్లు కృష్ణకు దక్షిణాన ఉన్న ఒక చిన్న పల్లె పేరును పోగొట్టుకోలేదు.

ఇక్కడ ఒక చిన్న తర్కం ఉంది, చాలామంది దృష్టికి రానిది. కందుకూరులోనే ఉన్నవాణ్ణి కందుకూరి వాడని ఎవరూ పిలవరు. అందరూ కందుకూరి వాళ్ళే అయిన చోట ఆ మాటతో ఎవరినీ ఆనవాలు పట్టలేం. ఆ పేరు రావాలంటే వాడు ఊరు విడిచి రావాలి. కొత్త ఊరిలో అరుగు మీద కూర్చున్నవాళ్ళు ‘ఎవరయ్యా అతను?’ అని అడగాలి. ‘కందుకూరి నుంచి వచ్చాడట’ అని మరొకరు చెప్పాలి. కాబట్టి ఊరి పేరుతో ఉన్న ప్రతి తెలుగు ఇంటిపేరూ ఒక వలస రుజువు. కరువుకో, దండయాత్రకో, అగ్రహారం ఇస్తామన్న రాజు పిలుపుకో, చెరువు కింద కొత్తగా తడిసిన నేలకో ఎవరో ఒక పూర్వీకుడు మూటాముల్లె కట్టుకుని బయల్దేరాడని అది చెబుతుంది. అల్ నహ్దాలో బాల్కనీ నుంచి అల్ ఇత్తిహాద్ రోడ్డు మీద ట్రాఫిక్ చూస్తూ ‘మా వంశంలో దేశం దాటింది నేనే మొదలు’ అనుకునేవాడు తన ఇంటిపేరును ఒక్కసారి విడదీసి చూసుకుంటే, కనీసం ఊరు దాటినవాడు తనకంటే చాలా ముందే ఉన్నాడని తెలుస్తుంది.

ఊరి నుంచి బయల్దేరినవాడు ఒక్కడే అని ఎక్కడుంది? బ్రాహ్మడు వెళ్ళాడు, రైతు వెళ్ళాడు, సాలె వెళ్ళాడు, మాదిగ వెళ్ళాడు. వేర్వేరు ఊళ్ళలో, వేర్వేరు కాలాల్లో అందరికీ ఆ ఊరి పేరే తగులుకుంది. ఒకే ఇంటిపేరు నాలుగైదు కులాల్లో కనబడటం తెలుగునాట వింతేమీ కాదు. వాళ్ళ మధ్య చుట్టరికం లేదు, ఒకరింట చావు జరిగితే మరొకరు మైల పట్టరు. కులం లోపలికి వస్తే కథ వేరు. అక్కడ ఒకే ఇంటిపేరంటే దాయాదులు. పురుడూ మైలా ఉంటాయి, పెళ్ళి కుదరదు. ఈ చిన్న వలయం లోపల, ఒకే ప్రాంతం నుంచి వచ్చిన అరుదైన ఇంటిపేరైతే, అటెన్‌బరోల మాదిరే వై క్రోమోజోమ్ కలిసే అవకాశం బాగా ఉందని ఒప్పుకోవాలి. కాని ఆ వలయానికీ తలుపులున్నాయి. మగపిల్లలు లేని ఇంటికి దత్తత వస్తాడు, వచ్చినవాడికి ఇంటిపేరు మారుతుంది. మహాకవి శ్రీశ్రీ తండ్రి పూడిపెద్ది వెంకటరమణయ్య. దత్తత వెళ్ళాక శ్రీశ్రీ శ్రీరంగం వారయ్యారు. ఇరవయ్యో శతాబ్దపు తెలుగు కవిత్వం మీద అంత పెద్ద ముద్ర వేసిన ‘శ్రీ’ల్లో మొదటిది నెత్తురు ఇచ్చింది కాదు, ఒక దత్తత కాగితం ఇచ్చింది. ఇల్లరికపుటల్లుళ్ళ సంతానానికి అమ్మవైపు పేరు నిలిచిన ఇళ్ళూ ఉన్నాయి.

డీఎన్ఏ మన గురించి చెప్పే పెద్ద సంగతులు ఇంటిపేరు మట్టానికి దిగనే దిగవు. హైదరాబాదులోని సీసీఎంబీ, హార్వర్డ్ పరిశోధకులు కలిసి 2009లోనూ 2013లోనూ ప్రచురించిన పరిశోధనల సారం ఇది: ఈ ఉపఖండంలో రెండు ప్రాచీన జనధారలు సుమారు 4,200 నుంచి 1,900 ఏళ్ళ కిందటి దాకా విరివిగా కలిశాయి, ఆ తర్వాత కలయిక ఆగి కులం లోపలి పెళ్ళిళ్ళు గట్టిపడ్డాయి. పై కులం, కింది కులం అన్న తేడా లేకుండా ఆ మిశ్రమం అందరిలోనూ ఉంది, పాళ్ళు వేరు. మన వైశ్యుల గురించి ఆ పరిశోధనల్లో ప్రత్యేకంగా ఉంది: కొద్దిమంది పూర్వీకుల నుంచి పెరిగి, రెండు మూడు వేల ఏళ్ళుగా బయటివారితో దాదాపు కలవకుండా ఉండిపోయిన సమూహం అది. దాని ఫలితం వంశకీర్తి కాదు. ఆపరేషన్ ముందు కండరాలు సడలడానికి ఇచ్చే కొన్ని మందులను విడగొట్టే ఎంజైము లోపం వారిలో మిగతావారికంటే ఎక్కువ. మత్తు డాక్టరుకు పనికొచ్చే ఆ సమాచారాన్ని ఏ ఇంటిపేరూ ఇవ్వలేదు. పైగా లెక్క చూడండి. పది తరాలు వెనక్కి వెళ్తే మనిషికి 1,024 మంది పూర్వీకుల స్థానాలుంటాయి. మేనరికాల పుణ్యమా అని వాటిలో చాలా స్థానాల్లో ఒకే మనిషి రెండు మూడుసార్లు కూర్చుని ఉండవచ్చు, అది వేరే సంగతి. ఇంటిపేరు ఇచ్చినవాడు ఆ 1,024లో ఒక్కడు. ఆ ఒక్కడి పేరు చెప్పి మొత్తం నెత్తురు తమదనుకోవడం, సంతకు పోయి ఒక్క వంకాయ కొని సంతంతా నాదనడం లాంటిది.

ఉమ్మి సీసాలో పోసి పంపితే వంశం చెబుతామనే కంపెనీల మాటా చూద్దాం, గల్ఫ్‌లో చదువుకున్న కుర్రాళ్ళకు వాటి మీద మోజు కనబడుతోంది కనుక. అవి చెప్పేది మీ పూర్వీకులు ఎవరన్నది కాదు, ఇవాళ బతికున్నవాళ్ళలో ఎవరికి దగ్గరగా ఉన్నారన్నది. ప్రపంచమంతా వాడుకునే ‘వెయ్యి జన్యుపటాల’ ప్రాజెక్టులో తెలుగువారి వాటా 102 నమూనాలు. వాటిని సేకరించింది గోదావరి ఒడ్డునో, వరంగల్లులోనో కాదు, బ్రిటన్‌లో స్థిరపడిన తెలుగువాళ్ళ నుంచి. ఏ కులాలవారు, ఏ జిల్లాలవారు విమానమెక్కి లండన్ చేరగలిగారో ఊహించుకుంటే, ‘తెలుగు’ అన్న ఆ ముద్ర ఎంత ఇరుకైనదో తెలుస్తుంది. అలాంటి కంపెనీల్లో పేరుమోసిన 23 అండ్ మీ 2025 మార్చిలో దివాలా పిటిషన్ వేసేసరికి కోటిన్నర మంది జన్యు సమాచారం ఎవరి చేతికి పోతుందోనని అమెరికాలో గగ్గోలైంది. ఇంటిపేరుకు ఆ భయం లేదు.

సరే, అది నెత్తురు చెప్పకపోతే రాయడం మాత్రం ఎందుకు అని అడగవచ్చు. నెత్తురు చెప్పదు కాబట్టే. మిగతా రెండు దారులూ ఎటు తీసుకెళ్తాయో చూడండి. తండ్రి పేరును చివరి పేరుగా రాస్తే అది తరం తరానికీ మారుతుంది. తమిళులు అలా నడుపుకుంటున్నారు, వాళ్ళకది కొత్త కాదు. ఎమిరాటీలు తండ్రి పేరును ‘బిన్’ తర్వాత రాసినా చివర అల్ మక్తూమ్, అల్ ఖాసిమీ లాంటి కుటుంబ నామాన్ని నిలుపుకుంటారు. ఆడపిల్లకు పెళ్ళయినా అది మారదు. రెండో దారి ‘రెడ్డి’, ‘నాయుడు’ లాంటి బిరుదు. దాని గతి చూడాలంటే దక్షిణాఫ్రికా చూడాలి. 1860లో ట్రూరో ఓడ మద్రాసు నుంచి డర్బన్ చేరిన తర్వాత దశాబ్దాల పాటు చెరుకు తోటలకు వెళ్ళిన తెలుగు కూలీల్లో ఎంతోమంది పేర్ల వెనక ‘నాయుడు’ ఒక్కటే నిలిచింది. ఇవాళ ఆ దేశపు భారతీయుల్లో నాయుడూ అన్నది అతి మామూలు పేర్లలో ఒకటి. ఆ ఇంటి మనవరాలు తన మూలాలు వెతుక్కోవాలంటే ఆ ‘నాయుడు’ అడుగు కూడా కదలనివ్వదు. ఓడ జాబితాలో ముత్తాత నంబరు పట్టుకుని, ఆ వరసలో గుమాస్తా రాసిన తాలూకా, ఊరు చూసుకోవాలి. ఇంటిపేరు ఒక్కటి మిగిలి ఉంటే, ముత్తాత ఊరు కాకున్నా ఆయన పూర్వీకుల ఊరైనా చాలావరకు పేరులోనే దొరికేది.

కులం సంగతి ఎత్తకుండా ఈ వాదన ముగించడం నిజాయితీ కాదు. ఉగాది కలయికల్లో, క్రికెట్ జట్ల దగ్గర ‘మీ ఇంటిపేరేంటండీ?’ అన్న ప్రశ్న వినయంగానే వస్తుంది; అడిగేవాడు వెతుకుతున్నది ఊరు కాదని ఇద్దరికీ తెలుసు. కాని చిట్టచివర తగిలించుకున్న బిరుదు అడగకుండానే చెప్పేదానితో పోలిస్తే ఇంటిపేరు చెప్పేది తక్కువ. బిరుదులు కొన్ని కులాలకే ఉన్నాయి, ఇంటిపేరు మాలపల్లె నుంచి అగ్రహారం దాకా అందరికీ ఉంది. పదిమందీ బిరుదులు మానేసి ఇంటిపేర్లు రాస్తే, తుమ్మల అన్న పేరు చూసి ఏ తుమ్మల వారో తేల్చుకోవడం ఆరా తీసేవాడికే కష్టం. ఆ పేరు వల్ల నిజంగా దెబ్బతిని దాన్ని వదిలించుకున్నవాళ్ళకు మాత్రం ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. వాళ్ళకు ఎదురైన చూపులు పడినవాళ్ళకే తెలుస్తాయి. ఇక స్త్రీల విషయంలో ఇంటిపేరుది అన్యాయమే. అమ్మ వచ్చిన ఊరు ఏ కాగితం మీదా మిగలదు. దానికి మందు అందరి ఊళ్ళనూ చెరిపేయడం కాదు, ఆమె ఊరినీ రాయడం. పెళ్ళయినా పాస్‌పోర్టులో పేరు మార్చుకోవాలన్న నిర్బంధం మన చట్టంలో లేదు. ఎమిరాటీ స్త్రీలు మార్చుకోవడమే లేదు. రెండు ఇంటిపేర్లూ రాస్తే గడి చాలదంటే, దాని కోసం ఒకటి పీకేద్దామనేదానికంటే గడినే సాగదీయమని అడగడం మేలు. పొడుగు, నోరు తిరగదు అన్న సాకులకు జవాబు అక్కర్లేదు. ‘ప’ లేని లిపిలోనే ఇక్కడి గుమాస్తాలు రోజూ ఫిలిప్పీన్స్ వాళ్ళవీ శ్రీలంక వాళ్ళవీ పేర్లు రాసి పంపుతున్నారు.

ఇంటిపేర్లు పుట్టడం కూడా ఆగిపోలేదు. అల్ నహ్దాలో నలుగురు కుర్రాళ్ళు పంచుకున్న గదిలో ఇద్దరు శ్రీనివాసులుంటే ఒకడు కరీంనగర్ శ్రీను, రెండోవాడు నెల్లూరి శ్రీను అవుతాడు. పొద్దున బాత్రూం వరస దగ్గరా, నెలాఖరు లెక్కల దగ్గరా అదే వాడుక. సొంతూరిలో దానికి తలకిందుల పని జరుగుతోంది. సిరిసిల్ల, జగిత్యాల వైపు పల్లెల్లో కొత్తగా స్లాబు పడ్డ ఇంటిని ‘దుబాయోళ్ళ ఇల్లు’ అంటారు. ఆ ఇంటాయన పనిచేసింది సౌదీలోనో మస్కట్‌లోనో కావచ్చు, ఊరికి అదంతా దుబాయే. పెళ్ళి పత్రికలు పంచేటప్పుడు జాబితాలో ‘దుబాయ్ మల్లయ్య’ అని రాసుకుంటారు. ఆయన అసలు ఇంటిపేరేమిటని అడిగితే, రాసుకున్నవాళ్ళే కలం ఆపి పక్కవాణ్ణి అడుగుతారు.